సంతకం నాదేనని ఒప్పుకోమన్నారు మా ప్లీడరు గారు

2023 జూన్ 27 మధ్యాహ్నం. షాపులో ఒక బోరు మోటారు విప్పుకుని కూర్చున్నాను. కోర్టు నుంచి వచ్చానంటూ ఒకాయన నా పేరూ, మా నాన్న పేరూ అడిగి, ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టి సంతకం చేయమన్నాడు. దావా నకలు అది. 2020 ఆగస్టు 16న నేనెవరి దగ్గరో 4 లక్షలు అప్పు తీసుకుని ప్రోనోటు రాసిచ్చానట. నూటికి 2 రూపాయల వడ్డీ. అసలూ వడ్డీ కలిపి 6 లక్షల 56 వేలు. దావా వేసిన మనిషిని ఒకటి రెండు పెళ్ళిళ్ళలో చూసి ఉంటాను, అంతకుమించి పరిచయం లేదు. కట్ట చివర ప్రోనోటు జిరాక్సు ఉంది. రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. సంతకం మాత్రం నాదే.

ఎలా జరిగిందో అర్థం కావడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. 2018 జూలైలో అమ్మాయి కాలేజీ ఫీజుకని మా ఊరి ఫైనాన్సు వ్యాపారి దగ్గర లక్షన్నర తీసుకున్నాను. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టమంటే పెట్టాను. అందరూ పెడతారు. 60 వేలు, 50 వేలు, 40 వేలు, మూడు దఫాలుగా ఫోన్లో పంపి తీర్చేశాను. వడ్డీ చేతికిచ్చాను. చివరి 40 వేలు పంపింది 2020 మార్చి 14న. నోటు ఇమ్మంటే, "బీరువా తాళం ఇంటావిడ పుట్టింటికి పట్టుకెళ్ళింది, వచ్చే వారం రా" అన్నాడు. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఆ తర్వాత అడగడానికి మొహమాటం. 2022లో వాళ్ళ తమ్ముడి అప్పుకి హామీ ఉండమంటే ఉండనన్నాను, దాంతో మాటలు కూడా పోయాయి. దావా వేసినాయన ఆ వ్యాపారికి బావమరిది అని మూడో రోజున తెలిసింది.

మొదట వెళ్ళింది మా బజారులోనే ఉండే కుర్ర లాయరు దగ్గరికి. కాగితాలు తిప్పి చూసి, "ఏముందండీ, సంతకం నాది కాదు, ఫోర్జరీ అని వేసేద్దాం. ఎక్స్‌పర్టుకి పంపితే ఏడాది గడిచిపోతుంది. ఈలోగా వాళ్ళే దిగొస్తారు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది కూడా.

మా బావగారు ఊరుకోలేదు. "6 లక్షల వ్యవహారం. పెద్దాయన దగ్గరికి పద" అన్నారు. మా తాలూకా కోర్టులో పెద్దాయన అంటే ఒకరే. 1978లో నల్లకోటు వేసుకున్నారు, ఇప్పటికీ తీయలేదు. ఆయన క్రాస్ చేయడానికి (అవతలివాళ్ళ సాక్షిని ప్రశ్నించడానికి) లేస్తే సాక్షి మంచినీళ్ళు అడుగుతాడని కోర్టు ఎదుట టీ కొట్టులో చెప్పుకుంటారు. ఒక ఎస్సైని అరగంట నిలబెట్టి, శవాన్ని ముందు చూసింది ఎవరో చెప్పలేని స్థితికి తెచ్చారట. ఇదే కథ నాకు ముగ్గురు చెప్పారు. ఒకరి లెక్కలో ఎస్సై, ఒకరి లెక్కలో సీఐ, ఇంకొకరి లెక్కలో డాక్టరు. ఏడాది తర్వాత కాస్త చనువొచ్చాక ఆయన్నే అడిగాను. "అది నేను కాదయ్యా, మా సీనియరు గారు. ఆయన కూడా వాళ్ళ సీనియరు గురించి అదే చెప్పేవారు" అని నవ్వారు.

జూలై మొదటివారంలో సాయంత్రం ఏడింటికి ఆఫీసుకి వెళ్ళాం. ఇంటి ముందు వసారాయే ఆఫీసు. గోడ మీద ప్రకాశం పంతులు గారి ఫోటో ఉంది. (గుమాస్తా గారు వచ్చినవాళ్ళందరికీ చెప్తారు, పంతులు గారు కూడా మొదట రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరేనని, ఆ తర్వాతే ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యారని.) గంటన్నర బెంచీ మీద కూర్చున్నాక పిలిచారు. నేను ఊహించుకున్న మనిషి కాదు. సన్నగా, కాస్త వంగి, ఎడమ చెవి సరిగ్గా వినపడదు. కథంతా చెప్పడం మొదలెడితే చెయ్యెత్తి ఆపారు.

"సంతకం ఎవరిది?"

"ఫోర్జరీ అని వేద్దామన్నారండీ ఒక లాయరు గారు..."

"ఎవరేమన్నారని కాదు. ఎవరిది?"

"నాదేనండీ."

"అయితే నీదేనని రాద్దాం. కుదరదంటే ఆ అబ్బాయి దగ్గరికే వెళ్ళు, బాగా చేస్తాడు."

నాకు చెమట పట్టింది. సంతకం ఒప్పుకుంటే ఇంకేం మిగిలింది? బావగారు అడిగారు కూడా. ఆయన దాచలేదు. సంతకం ఒప్పుకుంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ప్రకారం డబ్బు ముట్టిందనే కోర్టు మొదలుపెడుతుంది. ముట్టలేదని చూపించే బరువు మన మీద పడుతుంది. స్టాంపు మీద సంతకం చేసి ఖాళీ కాగితం ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 20వ సెక్షన్ కూడా వాళ్ళకే పనికొస్తుంది. ఇవన్నీ తనే చెప్పి, "అయినా ఒప్పుకుందాం. అబద్ధంతో మొదలెడితే నువ్వు 40 వేలు పంపిన నిజం కూడా ఎవరూ నమ్మరు" అన్నారు.

ఫీజు 40 వేలు: వకాలత్ (మన తరఫున వాదించమని రాసిచ్చే కాగితం) రోజున 15, సాక్ష్యం మొదలయ్యాక 15, వాదనలప్పుడు 10. ఖర్చులు విడిగా. కుర్ర లాయరు 18 వేలకే చేస్తానన్నాడు. బయటికొచ్చాక బావగారి మీద విసుక్కున్నాను, రెట్టింపు ఫీజు ఇచ్చి ఓడిపోవడానికా అని. వారం రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి భయంతోనే వెళ్ళి వకాలత్ మీద సంతకం పెట్టాను, నమ్మకం కుదిరి కాదు. ఆ మాట ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

జవాబు దావా వేయడానికి సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు, చట్టం లెక్కలో ఎక్కువలో ఎక్కువ 90. మాది సెప్టెంబరు 11న వేశారు, అంటే 76వ రోజున. నాలుగు పేజీలు. మొదటి పేరాలోనే "ప్రోనోటు మీద సంతకం ఈ ప్రతివాదిదే" అని ఉంది. అది చదువుతుంటే నా ఆస్తి నేనే రాసిచ్చేసినట్టు అనిపించింది. రాతకి ముందు జూనియరమ్మాయి నాతో మూడుసార్లు కూర్చుంది. ఏ తేదీన, ఏ ఫోన్ నుంచి, ఎవరి ఎదుట అని. ఆ ప్రశ్నలు విసుగ్గా ఉండేవి. ఆ నాలుగు పేజీల్లో ఏం రాశామో దాన్ని దాటి కోర్టులో మాట్లాడటానికి ఉండదని రెండేళ్ళ తర్వాత బోనెక్కినప్పుడు తెలిసింది.

ఇక వాయిదాలు. మొదటి ఆరు నెలలు ప్రతి వాయిదాకీ షాపు మూసి వెళ్ళాను. పదిన్నరకల్లా వెళ్ళి నిలబడితే, బంట్రోతు మూడుసార్లు పేర్లు పిలవడం, జూనియరు లేచి ఏదో అనడం, బెంచ్ క్లర్కు తేదీ చెప్పడం, అర నిమిషంలో అయిపోయేది. ఒకరోజు గుమాస్తా గారే జాలిపడి, "బాబూ, ఇది సివిలు. ప్రతిసారీ నువ్వు రానక్కర్లేదు. వకీలుంటే చాలు. సాక్ష్యం రోజు నేను ఫోన్ చేస్తాగా" అన్నారు. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎనిమిది పూటల పని మిగిలేది. ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకుని సి.ఎన్.ఆర్. నంబరు (ప్రతి కేసుకీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొడితే తర్వాతి తేదీ కనిపిస్తుందని కూడా ఆయనే చూపించారు. ఆ తర్వాత రాత్రి పడుకోబోయే ముందు అది చూసుకోవడం ఒక జబ్బయింది.

2024 జనవరిలో ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) కట్టారు. మార్చిలో వాది తన చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే తన సాక్ష్యం) వేశాడు. ఇక క్రాసే అనుకున్నాను. క్రాస్ జరిగింది సెప్టెంబరు 19న! మధ్యలో ఆరు వాయిదాలు పోయాయి. ఒకటి లాయర్లు కోర్టు బహిష్కరించడం, ఒకటి జడ్జి గారి బదిలీ, ఒకటి వాది రాలేదు. మే నెల సెలవులు సరేసరి. మిగతా మూడూ మా పెద్దాయన వల్లే పోయాయి. జిల్లా కోర్టులో ఒక హత్య కేసు విచారణలో ఉన్నారు. జూనియరు లేచి "సీనియరు గారు సెషన్స్‌లో ఉన్నారండీ" అంటే వాయిదా వచ్చేది. పేరున్న ప్లీడరుని పెట్టుకున్నవాళ్ళెవరూ ఈ సంగతి ముందుగా చెప్పరు. ఆయన పేరు మనకొక్కరికే పనికొచ్చేది కాదు, ఇంకో యాభై మంది కూడా అదే పేరు చూసి వచ్చి ఉంటారు. ఆగస్టులో నేను మొహం మాడ్చుకుని ఆఫీసులో కూర్చుంటే, "ఆ కేసులో లోపలున్నవాడు ఏణ్ణర్థంగా లోపలే ఉన్నాడయ్యా. నువ్వు రాత్రి ఇంటికెళ్ళి పడుకుంటున్నావు" అన్నారు. కోపం తగ్గలేదు గానీ మాట్లాడలేకపోయాను.

క్రాస్‌కి ముందు రోజు రాత్రి పిలిచారు. బల్ల మీద పాత శిక్షాస్మృతి, నేర విచారణ, సాక్ష్య చట్టాల బదులొచ్చిన కొత్త చట్టాల పుస్తకాలు మూడూ ఉన్నాయి, గోడకి పాత సెక్షను ఏదైతే కొత్తది ఏదో చూపే పట్టిక అంటించి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి కదా. మనది పాత సాక్ష్య చట్టం కిందే నడుస్తుందని చెప్తూనే, పెన్సిల్‌తో పాత క్యాలెండరు కాగితం వెనక ప్రశ్నలు రాశారు. నేను లెక్కపెట్టాను, ముప్పై దాకా ఉన్నాయి. తర్వాత గంటసేపు ఆయన చేసిన పనల్లా కొట్టేయడమే. నేను ఏరికోరి చెప్పిన ప్రశ్నలన్నీ కొట్టేశారు. "వాడిని అబద్ధాలకోరని నిలదీయండి సార్" అంటే, "నిలదీస్తే కాదంటాడు. ఆ కాదన్నది రికార్డయి కూర్చుంటుంది. నీకేం లాభం?" అన్నారు. చివరికి పన్నెండు మిగిలాయి.

మరునాడు కోర్టు హాల్లో మా వాళ్ళు అరడజను మంది. వాది బోనెక్కాడు. పెద్దాయన లేచి, బోనుకి కుడి చెవి తగిలేలా దగ్గరగా వెళ్ళి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. ఏం పంటలు వేస్తావు, ఎన్నెకరాలు, ఆ ఏడు బ్యాంకులో బంగారం పెట్టావా అని, పొలం గట్టు మీద పలకరిస్తున్నట్టే అడిగారు. పెట్టానన్నాడు. ఎప్పుడు? జూలైలో. ఎందుకు? పెట్టుబడికి. అంటే ఆగస్టులో 4 లక్షలు నాకిచ్చిన మనిషి, జూలైలో పెట్టుబడికి డబ్బు లేక బంగారం కుదువ పెట్టాడన్నమాట. నేను కుర్చీలోంచి లేవబోయాను. పెద్దాయన దాని గురించి ఇంకొక్క మాట అడక్కుండా, ఇతన్ని నీకు పరిచయం చేసిందెవరు అనే ప్రశ్నకి వెళ్ళిపోయారు. ఒక జవాబు దగ్గర "ఏంటీ?" అన్నారు వినపడనట్టు. వాది మళ్ళీ చెప్పాడు, రెండోసారి మాట కాస్త మారింది. ఫైనాన్సు వ్యాపారి తన బావే అని అప్పుడే వచ్చింది. నిజంగానే వినపడలేదా అని జూనియరమ్మాయిని అడిగితే, "ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను, నాకూ తెలీదండీ" అంది. చివర "డబ్బేమీ ముట్టలేదు, ఖాళీ నోటు నింపారు" అని ఒక సజెషన్ (మన వాదన సాక్షి ముందు పెట్టి ఔనా కాదా అనడం), "నిజం కాదు" అని వాడి జవాబు, అంతే. పాతిక నిమిషాలు. మా వాళ్ళు నిరాశపడ్డారు. ఒకాయన, "వయసైపోయిందిరా, మునుపటిలా లేరు" అన్నాడు నాతో. నాకూ అలాగే అనిపించింది.

నవంబరులో అటెస్టరు (నోటు మీద సాక్షి సంతకం పెట్టినాయన) వచ్చాడు. పెద్దగా ఏమీ లేదు. నోటు పొద్దున రాశారన్నాడు, వాది సాయంత్రం అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది 2025 ఫిబ్రవరిలో, నోటు రాసినాయన సాక్ష్యం రోజు. సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జి గారు ఇంగ్లీషులో చెప్తూ టైపు చేయిస్తారు. ఇది నాకు అప్పటిదాకా పట్టలేదు. పెద్దాయన అడిగారు: "పగలు ఎక్కడుంటావు?" "బజార్లో ఫైనాన్స్ ఆఫీసులో కూర్చుంటానండీ." జడ్జి గారు ఆ ఆఫీసుకి "విజిట్" చేస్తానన్నట్టుగా టైపు చేయించారు. పెద్దాయన కదల్లేదు. "అయ్యా, సాక్షి కూర్చుంటానన్నాడు. వెళ్ళొస్తుంటానని కాదు." జడ్జి గారు చిన్నవారు, ముప్పై దాటి ఉండవేమో. ఆయన కళ్ళెత్తి పెద్దాయన్ని చూసి, సాక్షిని మళ్ళీ అడిగారు. "కూర్చుంటానండీ, లెక్కలు రాస్తాను." అది అలాగే ఎక్కింది. అవతలి లాయరు లేచి అభ్యంతరం చెప్పబోతే జడ్జి గారు, "ఆయన సంతకాన్నే ఒప్పుకున్నారు కదా, మాటల దగ్గర పేచీ పెట్టేవారు కాదులెండి" అన్నారు మామూలుగానే. ఆ వాక్యం విన్నప్పుడు, ఏణ్ణర్థం కింద వసారాలో నాకు పట్టిన చెమట గుర్తొచ్చింది.

ఆఫీసు ఎవరిది? వాది బావది. పెద్దాయన పెన్సిల్ జేబులో పెట్టుకుని కూర్చున్నారు. నాకు ప్రాణం ఆగలేదు. ఇంకొక్క ప్రశ్న, "అయితే ఆ ఆఫీసులోనే కూర్చుని ఖాళీ నోటు నింపావు కదా" అని అడిగితే తేలిపోతుందిగా! బయట వరండాలో అదే అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన నడుస్తూనే, "అడిగితే ఏమంటాడు? లేదండీ, ఆదివారం వాళ్ళింటికెళ్ళి రాశాను అంటాడు. నోటు తేదీ ఆదివారమే. వాడికి దారి నువ్వే చూపించినట్టు" అన్నారు. ఇంటికొచ్చి చూశాను. 2020 ఆగస్టు 16 ఆదివారమే. అది నేను రెండేళ్ళలో ఒక్కసారీ చూసుకోలేదు.

నా వంతు జూన్‌లో. దీని ముందు ఒక ఇబ్బంది వచ్చింది, మీరెవరైనా ఇలాంటి దాంట్లో ఉంటే గుర్తుంచుకోండి. ఫోన్లో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు పట్టుకెళ్తే పనికిరాలేదు. బ్యాంకు నుంచి ఆ కాలపు స్టేట్‌మెంటు, సీలూ సంతకంతో, దానికి చట్టం అడిగే సర్టిఫికెట్టు జతచేసి తేవాలి. నాలుగుసార్లు తిరిగితే పద్దెనిమిది రోజులకి వచ్చింది. మొదటిసారి సర్టిఫికెట్టు లేకుండా ఇచ్చారు. సర్టిఫికెట్టుతో వచ్చినదాన్నే కోర్టులో బి1గా (మా వైపు మొదటి పత్రంగా) మార్కు చేశారు.

అవతలి లాయరు నన్ను యాభై నిమిషాలు క్రాస్ చేశారు. ముందు రాత్రి పెద్దాయన చెప్పింది రెండే ముక్కలు: తెలిస్తే చెప్పు, తెలీకపోతే తెలీదను. జడ్జి గారి వైపు తిరిగి మాట్లాడు. "చదువుకున్నవాడివి, ఖాళీ నోటు మీద సంతకం పెడతావా?" అనడిగితే కాళ్ళు వణికాయి. పెట్టానండీ, అవసరం, అన్నాను. నోటు వెనక్కి ఇమ్మని నోటీసు ఎందుకు పంపలేదని అడిగారు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మొహమాటం అన్నాను. కోర్టులో ఎవరో నవ్వారు.

వాదనలు ఆగస్టు, సెప్టెంబరుల్లో రెండు రోజులు. పెద్దాయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. నా వైపు బలహీనత తనే ముందు చెప్పారు: నోటు అడిగి తీసుకోకపోవడం ఇతని తప్పే అని. భారత్ బ్యారెల్ కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది చదివారు. డబ్బు ముట్టలేదని ఢంకా బజాయించి రుజువు చేయనక్కర్లేదు, ముట్టి ఉండదనిపించేంత చూపితే చాలు, అప్పుడు బరువు మళ్ళీ వాది మీదికి వెళ్తుంది. జూలై బంగారం, లెక్కలు రాసే ఆఫీసు, బోనెక్కని వాది బావ. ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి కూర్చున్నారు.

2025 అక్టోబరు 10న తీర్పు. దావా కొట్టేశారు. "ఖర్చులు లేకుండా" అని కూడా అన్నారు, అంటే నా ఖర్చు నాదే. కాపీ చేతికొచ్చాక జూనియరమ్మాయి ఒక పేరా చదివి చెప్పింది: ప్రతివాది మొదటినుంచీ సంతకం కాదనకుండా ఒకే మాట మీద ఉన్నాడని రాశారు అందులో.

లెక్క చూసుకుంటే ఫీజు 40 వేలు, టైపింగు, జిరాక్సులు, కాపీలు 6,500, గుమాస్తా గారికి అప్పుడప్పుడూ ఇచ్చింది 4 వేలు, బస్సులూ టీలూ ఓ 6 వేలు. వాయిదాలు 38. పెద్దాయన స్వయంగా వచ్చినవి పదకొండు.

స్వీట్లు పట్టుకుని వెళ్తే ఆఫీసులో ఎవరో నలుగురు బెంచీ మీదున్నారు. వాళ్ళలో ఒకాయన నాతో మెల్లగా, "ప్రోనోటు కేసులో సాక్షి బోనులోనే ఏడ్చేశాడటగా, మీదేనా?" అన్నాడు. కాదనబోయి, ఎందుకో ఊరుకున్నాను. లోపలికెళ్తే పెద్దాయన స్వీట్ల డబ్బా జూనియర్ల వైపు తోసి, "అప్పీలుకి వాళ్ళకి 30 రోజులుంది, కాపీకి పట్టిన రోజులు విడిగా. మనం జిల్లా కోర్టులో కేవియట్ వేద్దాం, మనకి తెలీకుండా ఏ ఉత్తర్వూ రాకుండా ఉంటుంది" అన్నారు. అక్టోబరు 17న వేశాం. 90 రోజులు పనిచేస్తుంది, సంక్రాంతికి అయిపోతుంది. అందాకా రాత్రి పడుకోబోయే ముందు యాప్ చూస్తూనే ఉంటాను. నిన్న రాత్రి వరకూ ఏమీ లేదు.